పదేళ్ల పాపకి హిట్లర్ కాలపు యూదు పిల్లల నిజకథ ఏది చెప్పాలి?

బెదిరిపోకుండా ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు కదా. గ్యాస్ గదులతో మాత్రం వద్దు. కిండర్‌ట్రాన్స్‌పోర్ట్ రైళ్లతో, అంటే నాజీల చేతిలోంచి యూదు పిల్లల్ని బ్రిటన్‌కి తరలించిన రైళ్లతో, మొదలుపెట్టండి.

1938 నవంబరు 9 రాత్రి నాజీలు యూదుల దుకాణాలు పగలగొట్టి, ప్రార్థనామందిరాలు తగలబెట్టారు. ఆ తర్వాత బ్రిటన్ 17 ఏళ్ల లోపు పిల్లల్ని రానిచ్చింది. అమ్మానాన్నలకి మాత్రం అనుమతి లేదు. "వాళ్లెందుకు రాలేదు?" అన్నదే పాప మొదటి ప్రశ్న అవుతుంది. "బ్రిటన్ రానివ్వలేదు" అని సూటిగా చెప్పండి. దాటేస్తే, పిల్లల్ని కన్నవాళ్లే వదిలేశారనుకుంటుంది.

కాసేపు ఆగాల్సింది వియన్నా దగ్గర. ట్రూస్ వైస్ముల్లర్ అనే డచ్చి ఆవిడ, తను యూదురాలు కాకపోయినా, పిల్లల కోసం నేరుగా అక్కడి నాజీ అధికారి ఐక్‌మన్ ఆఫీసుకి వెళ్లింది. యూదురాలేమోనని వాడు ఆవిడ చేతులు చూపించమన్నాడు, బూట్లు విప్పించాడు. చివరికి 600 మందిని తీసుకెళ్లు, కానీ శనివారమే బయల్దేరాలి అన్నాడు. శనివారం యూదులకి ప్రయాణం నిషిద్ధం, పైగా మధ్యలో ఉన్నది నాలుగే రోజులు. ఎలాగూ కుదరదనే ఆ షరతు. డిసెంబరు 10న 600 మందీ రైలెక్కారు. వందమంది హాలండ్‌లో ఆగారు, మిగతావాళ్లు ఓడలో ఇంగ్లండ్‌లోని హారిచ్ రేవు చేరారు.

ఇలాంటి మనిషుండగా ఎక్కడ చూసినా నికొలస్ వింటన్ ఒక్కడి కథే! ఆయన్ని తక్కువ చెయ్యడం లేదు. చెకొస్లొవేకియాలోని ప్రాగ్ నుంచి 669 మంది పిల్లల్ని బ్రిటన్ చేర్చిన మనిషి. కానీ ప్రాగ్‌లోనే ఉండి ఆ పని చేసిన డొరీన్ వారినర్, ట్రెవర్ చాడ్విక్ పేర్లు పిల్లల పుస్తకాల్లో వెతుక్కోవాలి.

వివరాలు చిన్నచిన్నవే చెప్పండి: చేత్తో మోయగలిగినంత పెట్టె, పది మార్కులు (జర్మనీ డబ్బు), మెడలో నంబరు అట్ట. బెర్లిన్ నుంచి హాలండ్ రేవు, హారిచ్, లండన్ లివర్‌పూల్ స్ట్రీట్ స్టేషన్ దాకా మ్యాపులో వేలు పెట్టి చూపించండి. "నువ్వైతే పెట్టెలో ఏం సర్దుకుంటావు?" అనే ఆట మాత్రం ఆడించొద్దు. టెడ్డీయా ట్యాబా అన్న బేరంలో పడి అసలు విషయం జారిపోతుంది.

స్టేషన్లో దిగగానే కథ ఆపేయకండి. దాదాపు పదివేలమంది బతికారు. చాలామంది కన్నవాళ్లని మళ్లీ చూడలేదు. ఈ రెండో మాట అదే పూట చెప్పాలి, కానీ పడుకునే ముందు కాదు. పగలు చెప్పండి, ప్రశ్నలడగడానికి టైముంటుంది.