పాడేరు వెళ్తున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

పాడేరు ఐటీడీఏకు, అంటే గిరిజనాభివృద్ధి సంస్థకు, ప్రాజెక్టు అధికారిగా (పీఓ) వెళ్తున్నావని మీ నాన్న ఫోన్ చేశాడు. సంతోషం. స్వెట్టర్ మరిచిపోకు.

అక్కడ మావోయిస్టు సమస్యను చూసేది ఒక్కరు కాదు. శాంతిభద్రతలు రాష్ట్రానివి. కేంద్ర బలగాలను పంపేదీ, లొంగుబాటు సాయం వంటి ఖర్చులను రాష్ట్రానికి తిరిగి చెల్లించేదీ ఢిల్లీ. రేషనూ పట్టాలూ జిల్లావి. ఇవన్నీ కలిసి నడవాలని 2015 జాతీయ విధానం చెబుతుంది. కొండమీద ఏం జరుగుతుందో విను.

నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు లొంగిపోయిన మావోయిస్టు కుర్రవాడొకడు నా గదికి వచ్చాడు. ప్లాస్టిక్ సంచిలో జిరాక్సులు, చెమటకు అక్షరాలు అలుక్కుపోయాయి. మిగతా సాయం అందాలంటే బ్యాంకు ఖాతా కావాలన్నారు. బ్యాంకు ఆధార్ అడిగింది. ఆధార్ కేంద్రంలో చిరునామా అడిగారు. ఎనిమిదేళ్లు అడవిలో ఉన్నవాడు ఏ చిరునామా ఇస్తాడు? మూడు నెలలు తిరిగాడు. ప్రతి కార్యాలయమూ తన పని అయిపోయిందనే రాసుకుంది. అతణ్ణి మళ్లీ అడవికి పిలిచేవాళ్లు ఏ కాగితమూ అడగరు కదా!

అందుకే సమీక్ష మినిట్స్‌లో ‘తగు చర్య తీసుకోవాలి’ అని కనిపిస్తే కొట్టేయించు. ఎవరు, ఏ తేదీలోగా అన్నది రాయించు. నలుగురు మొహం ముడుచుకుంటారు, పట్టించుకోకు.

మొదటి వారంలోనే సరిహద్దు అవతల ఒడిశాలోని మల్కన్‌గిరి జిల్లా అధికారులతో మాట్లాడు. ముంచింగిపుట్టు సంతకు వచ్చేవాళ్లలో ఒడిశావాళ్లూ ఉంటారు. 2008 జూన్‌లో బలిమెల జలాశయంలో మావోయిస్టులపై పోరాడే మన ప్రత్యేక పోలీసు దళం గ్రేహౌండ్స్ ఎక్కిన లాంచీపై మావోయిస్టుల దాడి జరిగి 38 మంది పోయారు. ఆ నీళ్లు ఒడిశావి, ఏడ్చిన ఇళ్లలో ఎక్కువ మనవి. ఆ నీళ్ల మధ్య చిక్కుకుపోయిన ఊళ్లకు 2018లో గానీ గురుప్రియ వంతెన రాలేదు. అవతల దారి లేకపోతే ఇవతల మనం వేసిన రోడ్డు సగమే.

ఎస్పీగారితో రోజూ మాట్లాడు. కానీ ఆశా కార్యకర్తనూ పంతులమ్మనూ ఎవరి కదలికలూ అడగవద్దు, పోలీసులనూ అడగనివ్వవద్దు. ఈ ఒక్క విషయంలో మొండిగా ఉండు. ఇన్ఫార్మర్ అన్న ముద్ర పడి చనిపోయినవాళ్ల ఇళ్లకు నేను పరామర్శకు వెళ్లాను. ఒక ఇంట్లో పొయ్యి దగ్గర కూర్చున్న ముసలమ్మ తల ఎత్తి నన్ను చూడనే లేదు.

ఆ కుర్రవాడి ఖాతా చివరికి బ్యాంకు మేనేజర్ పక్కన కూర్చుని నేనే తెరిపించాను. అప్పట్లో గొప్పగా అనిపించింది. నేను బదిలీ అయ్యాక అలాంటివాడు మరొకడు వస్తే ఎవరి దగ్గరికి వెళ్లాలో మాత్రం ఎక్కడా రాసిపెట్టలేదు. ఆ పని నువ్వు చెయ్యి.

మొదటి సంత ఎలా ఉందో రాయి.

పెదనాన్న