ఎర్మిన్‌ను ఎత్తుకున్న ఆ అమ్మాయి ఎవరు? ఆ తర్వాత ఆమె ఏమైంది?

మీ ప్రశ్న: లియొనార్డో డా విన్చి చిత్రంలో తెల్లటి జంతువును ఎత్తుకుని పక్కకు చూస్తున్న అమ్మాయి నిజంగా ఉన్న మనిషేనా, ఉంటే ఆమె జీవితం ఎలా గడిచింది?

నిజంగా ఉన్న మనిషే. పేరు చెచీలియా గల్లెరాని. 1473లో మిలాన్‌లో పుట్టింది, 1536లో కన్నుమూసింది. ఆ చిత్రం కోసం కూర్చునేనాటికి ఆమెకు పదహారో పదిహేడో ఏళ్లుంటాయి. ఆ తర్వాత మరో నలభై అయిదేళ్లు బతికింది. అయినా ఆమె గురించి రాసేవాళ్లలో ఎక్కువమంది ‘మిలాన్ పాలకుడి ప్రియురాలు’ అని ఒక్క ముక్క రాసి లియొనార్డో దగ్గరికి వెళ్లిపోతారు. నాకు దానిమీదే కోపం. అందుకే ఈ జవాబు కాస్త పెద్దదవుతుంది, ఓపిక పట్టండి.

నేను ఉద్యోగరీత్యా పోలండ్‌లోని క్రాకోవ్‌లో ఉంటున్నాను. ఆ చిత్రం ఉన్నది ఈ ఊళ్లోనే, చార్తొరిస్కి మ్యూజియంలో. మన వైపు నుంచి ఎవరు వచ్చినా వావెల్ కోట, వియెలిచ్కా ఉప్పు గని చూపించి, తర్వాత ఈమె దగ్గరికి తీసుకెళ్తాను. గదిలోకి రాగానే చాలామంది అనే మాట “ఇంత చిన్నదా!” నిజమే, ఎత్తు 54 సెంటీమీటర్లు, వెడల్పు 39. వాల్‌నట్ చెక్క పలక మీద తైలవర్ణాలు. ఆ వెంటనే వచ్చే ప్రశ్న “ఆ ముంగిస ఏమిటి?” అని. చూడటానికి ముంగిసలాగే ఉంటుంది గాని, అది చలిదేశాల ఎర్మిన్. శీతకాలంలో దాని బొచ్చు తెల్లబడుతుంది. రాజుల అంగీలకు ఆ బొచ్చే కుట్టేవారు. ఒంటికి బురద అంటించుకోవడం కన్నా వేటగాడికి చిక్కిపోవడమే మేలనుకుంటుందని దాని గురించి అప్పట్లో ఒక కథ ఉండేది. అందుకని అది నిర్మలత్వానికి గుర్తు. ఇంకో సంగతీ ఉంది. మిలాన్‌ను ఏలుతున్న లుదొవీకో స్ఫోర్జాకు 1488లో నేపుల్స్ రాజు ఎర్మిన్ పేరిటే ఒక గౌరవ పదవి ఇచ్చాడు. కాబట్టి ఆ అమ్మాయి చేతుల్లో ఉన్నది ఒక రకంగా ఆయనే. పంజాలు, కండలు తేలిన ఆ జంతువును, దాని మీద తేలిగ్గా ఆనించిన ఆమె వేళ్లను చూస్తుంటే ఎవరు ఎవరి అదుపులో ఉన్నారో నాకు ఇప్పటికీ తేలదు. పాస్కల్ కోత్ అనే ఫ్రెంచి ఇంజనీరు ప్రత్యేక కాంతి కెమెరాతో రంగుల పొరలను పరిశీలించి, మొదటి దశలో అసలు జంతువే లేదని, తర్వాత సన్నటిది వచ్చిందని, చివరికి ఇప్పుడున్న బలిష్ఠమైనది వచ్చిందని 2014లో ప్రకటించాడు.

మా పెద్దమ్మ వచ్చినప్పుడు మాత్రం ఆ జంతువును ఏమాత్రం పట్టించుకోలేదు. చిత్రం ముందు నిలబడి కళ్లజోడు సరిచేసుకుని “ఎవరి పిల్లే అమ్మా ఇది? పెళ్లయిందా?” అని అడిగింది. పక్కనున్న వాళ్లకు తెలుగు రాదు కాబట్టి సరిపోయింది. కానీ ఆలోచిస్తే, ఆ కాలపు ఆడపిల్ల గురించి మొదట అడగవలసిన ప్రశ్నలు అవే.

ఎవరి పిల్లంటే, సియెనా నుంచి మిలాన్ వచ్చి స్థిరపడ్డ కుటుంబం వాళ్లది. తండ్రి ఫాజియో మిలాన్ పాలకుల కొలువులో పనిచేసేవాడు. తల్లి మార్గెరీతా ఒక న్యాయశాస్త్ర పండితుడి కూతురు. చెచీలియాకు ఏడేళ్ల వయసులో తండ్రి పోయాడు. ఆరుగురు అన్నదమ్ములు. వాళ్లతోపాటు ఆమె కూడా లాటిన్, సాహిత్యం చదువుకుంది. పదేళ్ల వయసులో, 1483లో, జొవన్ని స్తెఫానో విస్కొంతి అనే అతనితో పెళ్లి నిశ్చయమైంది. 1487లో అది రద్దయింది. 1489లో ఆమె ఇల్లు విడిచి మొనాస్తెరో నువోవో అనే కన్యకాశ్రమం చేరినట్టు కనిపిస్తుంది. అదే రోజుల్లో లుదొవీకో ఆమె జీవితంలోకి వచ్చాడు.

అప్పటికి ఆయనకు ముప్పై ఏడేళ్లు. అన్న కొడుకు పేరిట రాజ్యం నడుపుతున్నవాడు. దీన్ని అమరప్రేమగా వర్ణించే రాతలు ఇంటర్నెట్‌లో బోలెడు. తండ్రి లేని పదహారేళ్ల పిల్ల, ఊరంతా ఎవరి మాట మీద నడుస్తోందో ఆ పెద్దమనిషి. ఆమెకు ‘కాదు’ అనే వీలు ఎంత ఉండేదో మీరే ఊహించుకోండి. ఆయనకు ఆమె మీద మక్కువ ఉండేదనడంలో మాత్రం అనుమానం లేదు. దానికి సాక్ష్యం కూడా ఉంది. లుదొవీకోకు 1480లోనే ఫెరారా పాలకుడి కూతురు బెయాత్రీచె ద’ఎస్తెతో సంబంధం కుదిరింది, అప్పటికి ఆ పిల్లకు అయిదేళ్లు. తీరా ముహూర్తం దగ్గరపడ్డాక ఆయన వాయిదాలు వేస్తూ వచ్చాడు. మిలాన్‌లో ఉన్న ఫెరారా రాయబారి జాకొమో త్రొత్తి 1490 నవంబరులో తన ప్రభువుకు కారణం రాసి పంపాడు: ఆయన కోటలోనే ఒక అమ్మాయిని ఉంచుకున్నాడు, ఆమె గర్భవతి, పువ్వులా అందంగా ఉంటుంది, ఆయన ఎక్కడికి వెళ్లినా వెంట ఉంటుంది. ఈ రాయబారి లేకపోతే మనకు సగం కథ తెలిసేది కాదు. ఇలాంటి చాడీలే చరిత్రకారులకు ఆధారాలు.

1491 జనవరిలో పెళ్లి జరిగింది. ఆ వేడుకల ఏర్పాట్లలో లియొనార్డో చెయ్యి కూడా ఉంది. కొత్త పెళ్లికూతురు వచ్చేసరికి చెచీలియా ఇంకా కోటలోనే ఉంది, గర్భవతిగా. లుదొవీకో చేయించిన బంగారు జరీ దుస్తుల్లాంటివే చెచీలియా కూడా కట్టుకుంటే తాను వాటిని ముట్టనని బెయాత్రీచె తెగేసి చెప్పిందట. ఇదీ త్రొత్తి రాసిందే. ఆమెకు మాత్రం ఎన్నేళ్లు? పదిహేను. ఈ గొడవను ఇద్దరు ఆడవాళ్ల అసూయగా రాసేవాళ్లు, రెండు చోట్లా ఒకే జరీ పంపిన పెద్దమనిషిని ఎందుకు వదిలేస్తారో నాకు అర్థం కాదు.

ఆ ఏడాది మే 3న చెచీలియాకు కొడుకు పుట్టాడు. చెజారె అని పేరు పెట్టారు. లుదొవీకో ఆమెకు సరొన్నో ప్రాంతంలో భూములు రాసిచ్చాడు, మిలాన్‌లో కర్మాఞొలా భవనం ఇచ్చాడు. 1492లో ‘బెర్గమీనో’ అని పిలిచే కౌంట్ లుదొవీకో కర్మినాతితో పెళ్లి జరిపించాడు. మా పెద్దమ్మ రెండో ప్రశ్నకు జవాబు అదీ: అయింది, కానీ వరుణ్ణి కుదిర్చింది పాత ప్రియుడు. ఔదార్యమని కొందరంటారు. నాకైతే లెక్క తేల్చుకుని చేతులు దులుపుకోవడంలా కనిపిస్తుంది. అయినా ఆ కాలంలో ఇలాంటి స్థితిలో ఉన్న ఆడవాళ్లకు సాధారణంగా దక్కేదానికన్నా ఇది చాలా ఎక్కువ. సొంత ఆస్తి, కౌంటెస్ అనే హోదా, ఇల్లు. దాన్ని ఆమె ఏం చేసుకుందన్నదే నాకు అన్నిటికన్నా నచ్చిన భాగం.

మిలాన్ వెళ్లినప్పుడు ఆ కర్మాఞొలా భవనం వెతుక్కుంటూ వెళ్లాను. రొవెల్లో వీధిలో ఉంది, 1947 నుంచి అది పికొలో తియాత్రో అనే నాటకశాల. లోపలి ముంగిలి చుట్టూ పాత స్తంభాల వరండా ఉంది, అక్కడ కాఫీ తాగవచ్చు. టికెట్ల దగ్గరున్న అమ్మాయిని చెచీలియా గురించి అడిగితే ఆ సాయంత్రపు నాటకంలో పాత్ర పేరనుకుని కరపత్రం తిరగేసింది. ఈ ఇంట్లోనూ, క్రెమోనా దగ్గర భర్త ఎస్టేటు శాన్ జొవన్ని ఇన్ క్రోచెలోనూ చెచీలియా సాహిత్య గోష్ఠులు నడిపింది. కథకుడు మత్తెయో బందెల్లో వాటిని స్వయంగా ఎరిగినవాడు. కవులు పద్యాలు చదవడం, సంగీతకారులు పాడటం, సైనికులు యుద్ధతంత్రం మాట్లాడుకోవడం, చిత్రకారులు, శిల్పులు తమ పనులు చూపించడం, తత్వవేత్తలు వాదించుకోవడం, అన్నీ ఆమె ఇంట్లో జరిగేవని రాశాడు. లాటిన్‌లో ఆమె ఉత్తరాలు, ఇటాలియన్‌లో ఆమె కవితలు మెచ్చుకున్నాడు. ఆ కవితల్లో ఒక్కటీ మిగల్లేదు. ఆమె చిత్రం మీద కొలువు కవి బెల్లించోని రాసిన సానెట్ మాత్రం నిక్షేపంగా ఉంది. ఆమె మీద రాసింది మిగిలింది, ఆమె రాసింది పోయింది.

ఆమె సొంత గొంతు వినిపించేది ఒక ఉత్తరంలో. 1498 ఏప్రిల్ 26న మాంటువా పాలకుడి భార్య ఇసబెల్లా ద’ఎస్తె ఆమెకు జాబు రాసింది: జొవన్ని బెల్లీని గీసిన కొన్ని చిత్రాలు చూశాను, వాటితో పోల్చి చూడాలి, లియొనార్డో గీసిన నీ చిత్రం కొన్నాళ్లు పంపు అని. ఈ ఇసబెల్లా ఎవరో తెలుసా? బెయాత్రీచెకు సొంత అక్క. బెయాత్రీచె అంతకు ముందు ఏడాదే కాన్పులో చనిపోయింది. చెల్లెలి సవతిలాంటి మనిషికి అక్క ఇంత మామూలుగా, మర్యాదగా ఉత్తరం రాయడం చూసి మొదట ఆశ్చర్యపోయాను. కళాఖండాల పిచ్చి ముందు చుట్టరికాలు ఆగవు కాబోలు.

చెచీలియా మూడు రోజుల్లో జవాబిచ్చింది. చిత్రం పంపిస్తున్నాను గాని, అది నాలాగే ఉంటే ఇంకా సంతోషంగా పంపేదాన్ని అంది. లోపం చిత్రకారుడిది కాదు, ఆయనకు సాటివచ్చేవాడు లేడు; అది గీసినప్పుడు నేను ఇంకా ఏమీ రూపుదిద్దుకోని వయసులో ఉన్నాను, ఆ తర్వాత పూర్తిగా మారిపోయాను, ఇప్పుడు నన్నూ దాన్నీ పక్కపక్కన చూస్తే అది నా కోసం గీసిందని ఎవరూ అనుకోరు అంది. ఈ మాటలు రాసేనాటికి ఆమెకు పాతికేళ్లు. తనకన్నా తన బొమ్మ అందంగా ఉందన్న దిగులు ఇందులో నాకు కనిపించదు. ఆ పదహారేళ్ల పిల్లను నేను కాను అని చెప్పుకున్న తృప్తి కనిపిస్తుంది.

దీనికి ఎదురుగా ఇసబెల్లాను పెట్టి చూడండి. ఆమె చెచీలియాకన్నా ఒక్క ఏడాదే చిన్న. లియొనార్డో చేత తన చిత్రం గీయించుకోవాలని ఏళ్ల తరబడి వెంటపడింది. ఆయన మాంటువాలో ఆగినప్పుడు పక్కనుంచి ఒక రేఖాచిత్రం గీసి వెళ్లిపోయాడు, అది ఇప్పుడు లూవ్ర్ మ్యూజియంలో ఉంది; రంగుల చిత్రం మాత్రం ఎన్నటికీ రాలేదు. చివరికి అరవై దాటాక టిషియన్‌కు పని అప్పగించింది. ఆయన పాత బొమ్మ ఒకటి ఆధారంగా ఆమెను నిగనిగలాడే యువతిగా గీశాడు. ఆ వయసులో కూడా నేను ఇంత అందంగా ఉండేదాన్నా అని ఆమే ముచ్చటపడింది. అది వియన్నాలో ఉంది. టిషియన్ ఆ చిత్రం ముగించిన 1536లోనే చెచీలియా పోయింది.

మధ్యలో ఆమెకు కష్టాలు తక్కువేమీ కాదు. 1499లో ఫ్రెంచి సైన్యం మిలాన్‌ను పట్టుకుంది. లుదొవీకో మరుసటి ఏడాది బందీ అయి, 1508లో ఫ్రాన్స్‌లోని లోష్ కోటలో ఖైదీగానే చనిపోయాడు. ఆయన ఇచ్చిన ఆస్తులు చేజారాయి. చెచీలియా ఎక్కడికి వెళ్లిందనుకున్నారు? మాంటువాకు, ఇసబెల్లా దగ్గరికి. తర్వాత తిరిగి వచ్చి నిలదొక్కుకుంది. 1510ల్లో కొడుకు చెజారె, భర్త ఇద్దరూ పోయారు. శాన్ జొవన్ని ఇన్ క్రోచెలో శేషజీవితం గడిపి అరవై మూడేళ్లకు వెళ్లిపోయింది.

చిత్రం దారి వేరు. 1800కు కాస్త అటూ ఇటూగా పోలండ్ రాకుమారుడు ఆడమ్ యెజీ చార్తొరిస్కి ఇటలీలో దాన్ని కొని తల్లి ఇజబెలాకు కానుకగా తెచ్చాడు. అప్పటికి ఈమె ఎవరో ఎవరికీ తెలియదు. లియొనార్డోదే మరో చిత్రంలోని స్త్రీ పేరు, ‘లా బెల్ ఫెరొనియేర్’ అని, ఎడమవైపు పై మూలన రాయించారు. చెచీలియా పేరును 1900లో యాన్ బొవొజ్ ఆంతొనియెవిచ్ అనే పోలిష్ పండితుడు తిరిగి ఆమెకు అతికించాడు. 1939లో నాజీలు దాన్ని ఎత్తుకుపోయారు, కొన్నాళ్లు వావెల్ కోటలో, ఆక్రమిత పోలండ్‌ను ఏలిన నాజీ అధికారి హాన్స్ ఫ్రాంక్ దగ్గర ఉంది, 1946లో తిరిగొచ్చింది. 2016లో పోలండ్ ప్రభుత్వం మొత్తం చార్తొరిస్కి సేకరణను 10 కోట్ల యూరోలకు కొంది.

చూడటానికి వచ్చేవాళ్లకు ఒకటి రెండు మాటలు. ఆ మూలన ఉన్న తప్పుడు పేరు తప్పక చూడండి. వెనకాల ఉన్న నలుపు లియొనార్డోది కాదు, మొదట్లో నీలం కలిసిన బూడిద రంగు ఉండేది. జుట్టును గడ్డం కింద కట్టుకున్నట్టు కనిపించేది కూడా అసలు పలుచటి మేలిముసుగు, తర్వాత ఎవరో దాని మీద జుట్టు రంగు పూశారు. మ్యూజియం సోమవారం మూసి ఉంటుంది. వేసవిలో రద్దీ ఎక్కువ, టికెట్ ముందే తీసుకోండి.