యూఎస్‌బీ హబ్ దానంతటదే రీబూట్ అవుతోంది

ప్రశ్న: ఆఫీసులో ప్రింటర్, బిల్లింగ్ డాంగిల్ (బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ నడవాలంటే పెట్టాల్సిన చిన్న యూఎస్‌బీ తాళం), పోర్టబుల్ హార్డ్‌డిస్క్ ఒకే నెట్‌వర్క్ యూఎస్‌బీ హబ్‌కి (యూఎస్‌బీ పరికరాల్ని నెట్‌వర్క్ ద్వారా కంప్యూటర్లకి అందించే పెట్టెకి) పెట్టాం. రోజుకి రెండు మూడుసార్లు దానంతటదే ఆగి మళ్లీ ఆన్ అవుతోంది. బిల్లు మధ్యలో డాంగిల్ పోతే ఒకటే టెన్షన్. ఏం చేయాలి?

జవాబు: ముందు కరెంటు సంగతి చూడండి. యూఎస్‌బీ 2.0 పోర్టు 500 మిల్లీఆంపియర్లు, 3.0 అయితే 900 దాకా ఇవ్వాలి, హార్డ్‌డిస్క్ తిరగడం మొదలుపెట్టే క్షణంలో అంతకన్నా ఎక్కువే లాగొచ్చు, అడాప్టర్ తట్టుకోలేక వోల్టేజీ జారితే హబ్‌లోని ప్రాసెసర్ రీసెట్ అయిపోతుంది. డిస్క్ తీసేసి రెండు రోజులు చూడండి. రీబూట్లు ఆగితే దొంగ దొరికినట్టే, డిస్క్‌ని వేరేచోట పెట్టుకోండి. ఆగకపోతే అడాప్టర్ మార్చండి: ఆంపియర్లు ఎక్కువున్నా ఫర్వాలేదు, వోల్టేజీ, పిన్ మాత్రం అచ్చం పాతదానిలాగే ఉండాలి, లేదంటే హబ్ కాలిపోవచ్చు. ఫర్మ్‌వేర్ (హబ్ లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ ఆ తర్వాతే. అన్నట్టు, నెట్‌వర్క్ కేబుల్ వదులైనా డాంగిల్ పోతుంది, అది రీబూట్ కాదు.