కోవెలకుంట్ల పోస్టింగు, అమ్మ బెంగ

మీ జాబు – నా జవాబు
(ముప్పై ఏళ్లకు పైగా రేనాటి పల్లెల్లో తెలుగు టీచరుగా పనిచేసి, నంద్యాల జిల్లా కోవెలకుంట్లలో స్థిరపడిన రిటైర్డు ఉపాధ్యాయురాలి శీర్షిక)

ప్రశ్న: మేడం గారూ, మాది కాకినాడ. బ్యాంకులో ఆఫీసరుగా సెలక్టయ్యాను. మొదటి పోస్టింగు మీ కోవెలకుంట్ల ఇచ్చారు. ఆర్డరు చూసినప్పటి నుంచి అమ్మ సరిగా అన్నం తినడం లేదు. "అది ఫ్యాక్షన్ ఏరియా, ఉద్యోగం లేకపోయినా పర్లేదు, వెళ్లొద్దు" అంటోంది. చీకటి పడితే గడప దాటొద్దని మామయ్య ఇప్పట్నుంచే జాగ్రత్తలు చెబుతున్నాడు. నిజంగా అంత భయపడాలా? నాకూ టెన్షన్‌గానే ఉంది.
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: పాపా, మా వైపు నీ వయసు పిల్లల్ని ఇలాగే పిలుస్తాం, ఏమీ అనుకోకు. ఫ్యాక్షన్ అంతా కట్టుకథ అని నేను చెప్పను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పల్లెలో పనిచేశాను. ఆరో తరగతిలో ఇద్దరు మగపిల్లలు, ఒకే బెంచీ. వాళ్ల నాన్నలవి ఎదురెదురు వర్గాలు. ఒకరోజు ఒకడు బడికి రాలేదు. రాత్రి వాళ్ల నాన్నను చంపేశారు. రెండోవాడు వచ్చాడు. బెంచీ అంతా ఖాళీగా ఉన్నా ఎప్పుడూ కూర్చునే చివరనే, సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. పక్కవాడి చోటులోకి జరగలేదు. పది పదిహేను రోజులు అట్లాగే. జరిగి కూర్చోరా అనడానికి నాకు నోరు రాలేదు. ఫ్యాక్షన్ అంటే నా కళ్ల ముందు ఇప్పటికీ ఆ బెంచీయే కనబడుతుంది. కోర్టు ఖర్చులకు ఆ ఇళ్ల ఆడవాళ్లు ఎకరాలకు ఎకరాలు అమ్ముకున్న సంగతి ఏ సినిమావాళ్లకూ పట్టలేదు.

ఆ కాలం పోయింది. ఆ ఇద్దరిలో ఒకడు బెంగళూరులో ఉన్నాడు. ఇంకొకడు ఇక్కడే ఎరువుల దుకాణం నడుపుతున్నాడు, రేపు నీ కౌంటరుకే వస్తాడు. ఊళ్లో ఆడపిల్లలు స్కూటీల మీద ట్యూషన్లకు పోయొస్తుంటారు. పొద్దున బస్టాండు దగ్గర ఉగ్గాని, బజ్జీ తినేవాళ్లలో సగం మంది ఉద్యోగాలకు వచ్చిన బయటివాళ్లే. రెండు వర్గాల మధ్య పగ ఉన్న రోజుల్లో కూడా బ్యాంకుకో బడికో వచ్చిన పరాయి ఊరి ఉద్యోగుల జోలికి ఎవరూ పోయేవాళ్లు కాదు. మీ అమ్మగారికి ఇది నా మాటగా చెప్పు.

నేను చూడమనేది వేరే ఉంది. అక్టోబరులో వాన వెనక్కి పట్టి, నల్లరేగడిలో పదును నిలిచాక, శనగ విత్తే పని ఒక్కసారిగా అందుకుంటుంది. అప్పుడు మీ బ్యాంకులో బంగారం లోన్ల కోసం జనం బారులు తీరతారు. విత్తనాలు, ఎరువు, ట్రాక్టరు బాడుగ అన్నీ అప్పుడే కావాలి. ఒక్కోసారి భార్యాభర్తలు ఇద్దరూ వస్తారు. ఆమె గోడవైపు తిరిగి మెడలో సరుడు, అంటే తాళి ఉన్న బంగారు గొలుసు, తీస్తుంది. అప్పటికే పసుపుతాడుకు పసుపు కొమ్ము కట్టి కొంగున ముడేసుకుని తెచ్చుకుని ఉంటుంది. సరుడు ఆయన చేతిలో పెట్టే ముందు ఆ తాడు మెడలో వేసుకుంటుంది. బంగారం నాణ్యం చూసే అప్రైజరు గీటురాయి మీద గీస్తున్నంతసేపూ ఆమె చూపు ఆ రాయి మీదే ఉంటుంది. ఆ నిమిషంలో "త్వరగా, త్వరగా" అనొద్దమ్మా. నిన్ను వేడుకునేది ఆ ఒక్కటే.

శనగ అమ్మాక వస్తువు విడిపించుకుంటారు. ధర లేకపోతే సరుకు కోల్డ్ స్టోరేజీలో, బంగారం మీ లాకరులో ఉండిపోతాయి. ఒక పక్క స్టోరేజీ అద్దె, ఇంకో పక్క వడ్డీ పెరుగుతాయి. కౌలు రైతు సంగతి ఇంకా కష్టం. 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం కౌలు కార్డు రావాలంటే భూమి యజమాని ఒప్పుకోవాలి. సంతకం పెడితే పొలం పోతుందేమోనని యజమాని వెనకాడతాడు. కార్డు లేక పంట లోను రాదు. దున్నినవాడు వడ్డీ వ్యాపారి దగ్గరికి పోతాడు. ఫ్యాక్షన్ గురించి అడిగినట్టు ఈ సంగతి మమ్మల్ని ఎవరూ అడగరు, నాకు అదే బాధ.

కౌంటరు దగ్గర మర్యాద అంటే మా ఊళ్లో పాత కథ ఉంది. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి 1846లో కోవెలకుంట్ల ఖజానా మీద పడ్డాడు. తనకు రావలసిన పెన్షను తెమ్మని పంపిన మనిషిని ఇక్కడి తహశీల్దారు అవమానించి పంపడంతో మొదలైందని మా పెద్దవాళ్లు చెప్పుకునేవాళ్లు. 1847 ఫిబ్రవరి 22న ఆయనను ఈ ఊళ్లోనే ఉరితీశారు. మా తరగతిలో ఆ పాఠం వచ్చినప్పుడు పిల్లలు తహశీల్దారు మాట దగ్గరే ఎక్కువ రగిలిపోయేవాళ్లు.

రాజకీయం గురించి ఒక మాట. చేరిన వారంలోనే ఎవరో ఒకరు "ఫలానా ఆయన మనిషిని" అంటూ వస్తారు. కూర్చోబెట్టి మంచినీళ్లివ్వు, టోకెను ప్రకారమే పని చెయ్యి. రెండు నెలలు అట్లా చేస్తే ఇక ఎవరూ పేర్లు చెప్పరు. పంచాయతీ ఎన్నికల్లో పార్టీ గుర్తులుండవు, అయినా ఎవరు ఎవరి వైపో చిన్నపిల్లలకూ తెలుసు. జనం మాత్రం ఆలోచించే ఓటేస్తారు. 1977లో అప్పటి ఉమ్మడి రాష్ట్రంలోని 42 లోక్‌సభ సీట్లలో జనతా పార్టీ గెలిచింది ఒక్క నంద్యాలే, నీలం సంజీవరెడ్డి గారిని గెలిపించి పంపింది మేమే. 1991లో ప్రధాని పి.వి. నరసింహారావు గారు లోక్‌సభకు వెళ్లింది కూడా ఇక్కడి ఉప ఎన్నికలోనే. మా ఊరి పేరున ఉన్న అసెంబ్లీ సీటు మాత్రం పునర్విభజనలో పోయింది, 2009 నుంచి మేము బనగానపల్లె ఓటర్లం. పెద్దవాళ్లకు ఆ దిగులు ఇంకా తీరలేదు.

డిసెంబరులో ఒక ఆదివారం తెల్లారుజామున మా ఇంటికి రా, చేనికి తీసుకుపోతాను. శనగాకు మీద మంచు పుల్లగా ఉంటుంది. వెనకటి ఆడవాళ్లు దాని మీద గుడ్డ పరిచి, తడిసినాక కుండలోకి పిండి, ఆ పులుసు కడుపునొప్పికి దాచేవాళ్లు. మోకాళ్ల కింద గీరుకుని ఉంటే ఆ మంచుకు చుర్రుమంటుంది. అమ్మను కూడా తీసుకురా.

ప్రశ్న: మీ ఊరికి రైలు వచ్చాక ఏమైనా బాగుపడిందా?
– ఒక పాఠకుడు, కడప

జవాబు: నంద్యాల–ఎర్రగుంట్ల లైను మంజూరైంది 1996–97లో, రైలు తిరిగింది 2016లో. సర్వే రాళ్ల మీద ఎక్కి దూకిన పిల్లలు తమ పిల్లల్ని ఎత్తుకుని మొదటి రైలు చూడడానికి వచ్చారు. ఆసుపత్రికి, సంతకు ఇప్పటికీ బస్సే దిక్కు. దూరం చదువులకు పోయే పిల్లలకు మాత్రం రైలు మేలు చేసింది.

ప్రశ్న: మాది కోవెలకుంట్ల పక్క పల్లె. ఇరవై ఏళ్లుగా డల్లాస్‌లో ఉంటున్నాను. నాన్నగారి పేరున ఊరి మొదట్లో ఆర్చి కట్టించాలని ఉంది. మీ సలహా?
– ఒక పాఠకుడు, అమెరికా

జవాబు: బాబూ, నాన్నగారి మీద మీకున్న ప్రేమ అర్థమైంది. కానీ ఆర్చి వద్దు. మీరు వెళ్లాక ఊళ్లో ఏం మారిందో చెబుతాను. నంద్యాల పరిశోధన స్థానం వాళ్లు 'ధీర' అనే శనగ రకం తెచ్చారు. మొక్క నిటారుగా పెరుగుతుంది, మిషనుతో కోయొచ్చు. రైతుకు మంచిదే. కానీ కోత కూలి మీద బతికే ఆడవాళ్లకు ఆ పని తగ్గింది. కూతుళ్లనైనా చదివించాలని టౌనులో కాలేజీకి పంపుతున్నారు. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు బస్సు ఉచితం, టికెట్టు బాధ తీరింది. ఇప్పుడు బాధ వేరే. కాలేజీ వదిలాక పల్లె బస్సు వచ్చేదాకా ఆ పిల్లలు ఒక్కోరోజు రెండు గంటలు దుకాణాల అరుగుల ముందు నిలబడతారు. బాత్రూముకు పోవాల్సి వస్తుందని పొద్దున్నుంచి నీళ్లు తాగరు. ఒక పిల్ల నాతో ఈ మాట చెప్పి తల వంచుకుంది.

బస్టాండుకు దగ్గరలో ఒక గది, రెండు ఫ్యాన్లు, నాలుగు బల్లలు, శుభ్రమైన బాత్రూము, చూసుకోవడానికి జీతం మీద ఒక ఆడమనిషి. నాన్నగారి పేరు ఆ తలుపు పైన రాయించండి. సంక్రాంతికి వస్తే చెప్పండి. ఆ పిల్లల్నే కూర్చోబెడతాను, ఏం కావాలో వాళ్లనే అడుగుదురుగాని.