టార్చ్ రిపోర్టు పక్కన పెట్టండి, ముందు ఏపీఎల్ఏ టెస్టు చేయించండి

రెండుసార్లూ గర్భం తొమ్మిదో వారంలోపే కడుపులో బిడ్డ గుండె చప్పుడు ఆగిపోయిందని, టార్చ్‌లో (కొన్ని ఇన్‌ఫెక్షన్ల కోసం చేసే రక్తపరీక్ష) ఐజీజీ అనే యాంటీబాడీ పాజిటివ్ వచ్చిందని, అత్తగారేమో బొప్పాయి తిన్నావంటున్నారని రాశారు కదండీ. బొప్పాయి ముక్కకీ, బిందె మోయడానికీ దీంతో సంబంధం లేదు. ఐజీజీ పాజిటివ్ అంటే ఎప్పుడో ఇన్‌ఫెక్షన్ వచ్చి పోయిందనే. వరుస అబార్షన్లకు అది కారణం కాదు, దానికి మందులూ అక్కర్లేదు.

మొదటి మూడు నెలల్లో పోయే గర్భాల్లో దాదాపు సగం పిండంలోని క్రోమోజోముల లోపం వల్లే. అది చాలావరకు యాదృచ్ఛికం, మీ తప్పు కాదు.

వెతకాల్సిన వాటిలో ముఖ్యమైనది యాంటీఫాస్ఫోలిపిడ్ సిండ్రోమ్ (ఒంట్లో తయారయ్యే కొన్ని యాంటీబాడీల వల్ల రక్తం గడ్డకట్టే, గర్భం పోయే సమస్య), ఎందుకంటే దానికి వైద్యం ఉంది. లూపస్ యాంటీకోయాగ్యులెంట్, యాంటీకార్డియోలిపిన్, బీటా2 గ్లైకోప్రోటీన్ అని మూడు రక్తపరీక్షలుంటాయి. ఏపీఎల్ఏ టెస్టంటే ఇవే. పాజిటివ్ వస్తే కనీసం 12 వారాలాగి మళ్లీ చేయించాలి. ఒక్కసారి వచ్చినదాన్ని పట్టుకుని ఖాయం చేయకూడదు. ఖాయమైతే చిన్న మోతాదు ఆస్పిరిన్, గర్భం నిలిచాక పొట్ట చర్మం కింద హెపారిన్ (రక్తం గడ్డకట్టకుండా చూసే మందు) ఇంజెక్షన్ ఇస్తారు. హెపారిన్ మాయ దాటి బిడ్డకు చేరదు. రిపోర్టు లేకుండానే 'ఎందుకైనా మంచిది' అని ఇంజెక్షన్లు రాస్తే మాత్రం కారణం అడగండి.

వాటితోపాటు థైరాయిడ్, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్), గర్భసంచిలో అడ్డుపొర ఉందేమో చూసే 3డీ స్కాన్ చాలు. అలా జరగకూడదుగానీ, మళ్లీ పోతే పిండం ముక్కను ఫార్మలిన్‌లో కాకుండా సెలైన్‌లో జెనెటిక్ ల్యాబ్‌కు పంపమనండి. ఈసారి గర్భం నిలిచాక బ్లీడింగ్ కనిపిస్తే వెంటనే డాక్టర్ దగ్గరకెళ్లి ప్రొజెస్టిరాన్ (గర్భం నిలవడానికి తోడ్పడే హార్మోన్) గురించి అడగండి. ఫోలిక్ యాసిడ్ ఇప్పటినుంచే మొదలుపెట్టండి.