అన్న బతికాడు, మొక్కు మిగిలింది

ప్రశ్న:

నమస్తే అమ్మా. మాది నకిరేకల్ దగ్గర ఒక ఊరు. మా అన్న బోరు మోటార్లు బాగుచేసేవాడు. నిరుడు ఎండాకాలంలో ఒక రాత్రి పని ముగించుకొని బండి మీద ఇంటికి వస్తూ, కట్టంగూరు దగ్గర హైదరాబాద్–విజయవాడ రహదారి మీద లారీని గుద్దుకున్నాడు. హెల్మెట్ లేదు. తలలో రక్తం గడ్డ కట్టిందని హైదరాబాద్‌లో ఆపరేషన్ చేశారు. చాలా రోజులు వెంటిలేటర్ మీదనే ఉన్నాడు. అంతవరకు పండుగలకు తప్ప గుడి మెట్లెక్కని నేను ఐసీయూ బయట కూర్చొని తెలిసిన దేవుళ్లందరికీ మొక్కాను. కొడుకు లేచి నడిస్తే ఐదు అమావాస్యలు చెర్వుగట్టు కొండ మీది గుడి దగ్గర అతనిచేత రాత్రి నిద్ర చేయిస్తానని అమ్మ జడల రామలింగేశ్వర స్వామికి మొక్కుకుంది.

పక్క మంచం మీది అబ్బాయిది దేవరకొండ వైపు. వాళ్లమ్మ జాన్‌పహాడ్ దర్గా నుంచి తెప్పించిన దారాల్లో ఒకటి తన కొడుకుకు, ఇంకొకటి మా అన్నకు కట్టింది. ఆ అబ్బాయి చనిపోయాడు. ఆమె కట్టిన దారం మా అన్న చేతికి ఇంకా ఉంది.

ఇప్పుడు అన్న నడుస్తున్నాడు, మాట్లాడుతున్నాడు. కానీ ఎప్పుడూ పరుషంగా మాట్లాడని మనిషి వదినను తిడుతున్నాడు, కూరలో ఉప్పు ఎక్కువైతే కంచం విసురుతున్నాడు, పొద్దున చెప్పింది సాయంత్రానికి మరచిపోతున్నాడు. మొక్కు తీర్చలేదు కాబట్టే గాలి సోకిందని అమ్మ అంటోంది. గట్టు మీద నిద్ర చేస్తే అన్నీ పోతాయని, ఫిట్స్ మాత్రలు ఇక ఆపమని పట్టుబడుతోంది. నేనేమో పోలీసు ఉద్యోగానికి చదువుతూ మధ్యలో ఆపి, ఇంట్లో అతని సేవ నేర్చుకున్నాను. ఇప్పటికీ సాయంత్రం అతని వేళ్లకు వ్యాయామం చేయిస్తున్నప్పుడు మనసులో దేవుణ్ణి తలుచుకుంటాను. చుట్టాలు వచ్చి "ఈ ఏడాదిలో చాలా ఎదిగినవు బిడ్డా, దేవుడు నీ కండ్లు తెరిపించిండు" అంటే సిగ్గేస్తుంది. మా మొర విన్న దేవుడు ఆ తల్లి మొర ఎందుకు వినలేదు? నాది నమ్మకమా, భయమా? మారిపోయిన ఈ అన్నతో ఎట్లా ఉండాలి?

– ఒక చెల్లెలు, నల్లగొండ జిల్లా

జవాబు:

అమ్మా, మీరు అడిగిన మూడింటికంటే ముందు, అడగకుండా చెప్పిన ఒక విషయానికి సమాధానం రాయాలి. ఫిట్స్ మాత్రలు ఆపవద్దు. తలకు పెద్ద గాయమై ఆపరేషన్ జరిగినవాళ్లకు నెలల తరువాత, ఒక్కోసారి ఏళ్ల తరువాత కూడా మూర్ఛ రావచ్చు. ఆ మాత్రలను ఒక్కసారిగా మానేస్తే, ఆగకుండా ఒకదాని వెంట ఒకటి ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి తెచ్చే ప్రమాదం ఉంది. వాటిని ఎప్పుడు తగ్గించాలో, అసలు తగ్గించాలో లేదో ఆపరేషన్ చేసిన డాక్టరో, నరాల డాక్టరో నిర్ణయించాలి. అయితే ఆ మాత్రలను అనుమానించడం పూర్తిగా గాలిమాట కూడా కాదు. లెవెటిరాసెటామ్ వంటి కొన్ని ఫిట్స్ మందులు కొందరిలో చిరాకును, కోపాన్ని పెంచుతాయి. మీ అన్న వాడుతున్నది ఏ మందో చీటీలో చూసి, ఈసారి వెళ్లినప్పుడు అతని కోపం గురించి విడిగా, వివరంగా చెప్పండి. అవసరమైతే మందు మార్చేది, మోతాదు మార్చేది వాళ్లు. చాలా ఇళ్లలో నడక గురించి, నిద్ర గురించి చెబుతారు కానీ కోపం గురించి చెప్పరు, ఇంటి పరువు పోతుందనుకుంటారు. డాక్టరు దగ్గర దాచిన కోపం వదిన మీద పడుతూనే ఉంటుంది.

ఆ కోపం ఎక్కడిదో కూడా ఇంట్లో అందరికీ తెలియాలి. నుదుటి వెనక ఉండే మెదడు భాగం మన మాటకు, చేతకు పగ్గం వేస్తుంది. వేగంగా పోతున్న తల గట్టిగా తగిలినప్పుడు ఎక్కువగా దెబ్బతినే చోట్లలో అదొకటి. అది గాయపడ్డ మనిషికి కోపం వచ్చినట్టు తెలిసేలోపే కంచం చేయి దాటిపోతుంది, ఆ తరువాత అతనే లోపల కుమిలిపోతాడు. అందుకే దీన్ని అతని గుణమని అనుకోవద్దు, గాలి అని కూడా అనుకోవద్దు. మరో సంగతి ఏమిటంటే, ఇలాంటి గాయాల నుంచి కోలుకోవడం మొదటి ఆరు నెలల్లో వేగంగా సాగి, తరువాత నెమ్మదిస్తుంది తప్ప ఆగిపోదు. రెండేళ్ల దాకా, ఆ తరువాత కూడా కొద్దికొద్దిగా మెరుగయ్యేవాళ్లు ఉన్నారు. ఏడాది దాటిందని ఆశ వదులుకోనక్కరలేదు, అలాగే పాత అన్న అచ్చంగా తిరిగి వస్తాడని ఎదురుచూస్తూ ఇప్పుడున్న అన్నను చూడకుండా ఉండనూ వద్దు.

రోజువారీగా చేయదగినవి కొన్ని ఉన్నాయి. అతనితో ఒకరి తరువాత ఒకరు మాట్లాడండి, ఆ సమయంలో టీవీ కట్టేయండి. దెబ్బతిన్న మెదడు తొందరగా అలసిపోతుంది, అలసటే చాలాసార్లు కోపంగా బయటపడుతుంది, కాబట్టి మధ్యాహ్నం పడుక్కోనివ్వండి. చేయాల్సిన పనులు గోడ మీద క్యాలెండర్‌లో అతని చేతే రాయించండి. కోపం వచ్చినప్పుడు న్యాయం తేల్చడానికి కూర్చోకుండా పక్కకు తప్పుకొని, చల్లబడ్డాక మాట్లాడండి. స్నేహితులు ప్రేమతో కల్లు తాగిస్తామని వస్తే ఇంటి గడపలోనే ఆపండి, తలకు గాయమైనవారికి మత్తు త్వరగా ఎక్కడమే కాకుండా ఫిట్స్ రావడానికీ కారణమవుతుంది. డాక్టరు సరేనని రాసిచ్చేదాకా బండి తాళం మీ దగ్గరే ఉండాలి. వదిన మీద చేయి లేచే పరిస్థితి వస్తే మాత్రం గాయం అని సర్దిచెప్పకండి, ఆమెను, పిల్లలుంటే వాళ్లను ముందు దూరంగా ఉంచి, మానసిక వైద్యుణ్ణి వెంటనే కలవండి.

ఇక ఆ తల్లి మొర సంగతి. దీనికి నా దగ్గర జవాబు లేదు, జవాబు ఉందని చెప్పేవాళ్లను నమ్మవద్దని మాత్రం చెప్పగలను. వైద్యులు చెప్పగలిగేది కొంత ఉంది. గాయం మెదడులో ఏ చోట తగిలింది, వాపు ఎంత పెరిగింది, ఆసుపత్రి చేరేలోపు ప్రాణవాయువు అందకుండా ఎంతసేపు గడిచింది అనే వాటిని బట్టి ఒకే వార్డులో పక్కపక్క మంచాల మీద ఉన్న ఇద్దరి గతి వేరవుతుంది. ఈ కారణాలలో ఎక్కడా తల్లి భక్తి తక్కువ కావడం అనేది లేదు. "మా మొక్కు ఫలించింది" అన్న మాట మన ఇంట్లో కృతజ్ఞతలాగానే వినిపిస్తుంది. అదే మాట దేవరకొండ వైపు ఆ ఇంట్లో వినిపిస్తే, నీ మొక్కు ఫలించలేదు అన్నట్టే ఉంటుంది. నాకు మొక్కులంటే చిన్నచూపు లేదు, మా ఇంట్లోనూ కురుమూర్తికి మొక్కుకునేవాళ్లు ఉన్నారు. అన్న బతికినందుకు దేవునికి దండం పెట్టండి, కానీ అది బేరం కుదిరిన లెక్కలా చెప్పుకోవద్దు. ఆమె నంబరు మీ దగ్గర ఉంటే ఒకసారి ఫోన్ చేయండి. దేవుని మాటలు ఏవీ చెప్పనక్కరలేదు. ఆమె కట్టిన దారం మీ అన్న చేతికి ఇంకా ఉందని, ఆ అబ్బాయిని మీరు మరచిపోలేదని చెప్పండి, అతని పేరు పెట్టి మాట్లాడండి. బిడ్డను పోగొట్టుకున్నవాళ్ల ముందు లోకం ఆ పేరే ఎత్తడం మానేస్తుంది. ఆమె మాట్లాడదలచుకోకపోతే దాన్నీ అంగీకరించండి.

మీది నమ్మకమా, భయమా అని అడిగారు. ఐసీయూ బయట మొక్కినప్పుడు అది భయమే అయి ఉంటుంది, అందులో సిగ్గుపడాల్సింది లేదు. గజేంద్రమోక్షం కథలో మొసలి నోట కాలు చిక్కి, బలమంతా ఉడిగిన తరువాతే ఆ ఏనుగు మొర పెట్టుకుంది. మొర పెట్టుకుంటున్న వేళలోనే, ఉన్నాడంటున్న ఆ దేవుడు నిజంగా ఉన్నాడో లేడో అని సందేహించింది కూడా. మన వాళ్లు తరతరాలుగా కష్టమొచ్చినప్పుడు చదువుకుంటున్న ఆ కథలో భయానికి, సందేహానికి రెండింటికీ చోటు ఉంది. భయంతో మొదలైంది కాబట్టి అబద్ధం అనలేము. మీ ఉత్తరంలో నాకు ముఖ్యమనిపించింది వేరే వాక్యం: ప్రమాదం గడిచిపోయాక కూడా, అడగడానికి పెద్దగా ఏమీ లేని సాయంత్రాలలో, అన్న వేళ్లు ఒక్కొక్కటి వంచి సాచుతూ దేవుణ్ణి తలుచుకుంటున్నానని రాశారు. ప్రతిఫలం ఇంకా తేలని పని రోజూ చేస్తూ, ఫలితం మీ చేతిలో లేదని తెలిసి కూడా మానకపోవడాన్ని నేనైతే నమ్మకమనే అంటాను. రేపు అన్న పరిస్థితి కొంత వెనక్కి పోయినా నిలవగలిగేది ఈ రకం నమ్మకమే. మొక్కు ఫలించిందన్న లెక్క మీద నిలబెట్టుకున్నది, మొదటి ఫిట్స్ రాగానే కూలిపోతుంది.

చుట్టాల మాట విన్నప్పుడు మీకు కలిగిన సిగ్గును నేను పోగొట్టదలచుకోలేదు, అది సరైన చోట పుట్టింది. మీరు ఎదిగిన మాట నిజమే. గొట్టం ద్వారా ఆహారం పెట్టడం, ఒళ్లు పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్కకు తిప్పడం వంటి పనులు మంచం పట్టినవాళ్ల ఇళ్లలో ఎవరో ఒకరు నేర్చుకోక తప్పదు, మీ ఇంట్లో ఆ ఒకరు మీరయ్యారు. అయితే మీ కళ్లు తెరిపించడానికి మీ అన్న తల పగలాల్సిన అవసరం లేదు. ఇది నీ మంచికే జరిగిందనే మాట చెప్పేవాళ్లకు ఓదార్పు, అతని చెవిన పడితే మాత్రం అన్యాయం. ఈ ఏడాదిలో అందరికంటే ఎక్కువ నేర్చుకున్నది అతనే: కూర్చోవడం, మింగడం, మాట కూడబలుక్కోవడం, ఒకప్పుడు కళ్లు మూసుకొని చుట్టిన మోటారు వైండింగు ముందు ఏది ఎటు పోవాలో తెలియక ఆగిపోవడాన్ని భరించడం. మీ ఉత్తరంలో అమ్మ ఏమంటుందో, వదినకు ఏం జరుగుతోందో, చుట్టాలు ఏమన్నారో ఉంది. ఇవన్నీ అతనికి ఎలా అనిపిస్తున్నాయో ఒక్క వాక్యం లేదు. అతన్ని అడిగారా? బతికి వచ్చినందుకు అతను దేవునికి దండం పెట్టుకుంటున్నాడో, ఎందుకు బతికానని రాత్రిళ్లు అనుకుంటున్నాడో ఇంట్లో ఎవరికైనా తెలుసా? రెండోదైతే అది కూడా వైద్యునికి చెప్పాల్సిన విషయమే.

మీ చదువు గురించి ఒక మాట. మళ్లీ మొదలుపెట్టండి. రోజులో కొన్ని గంటలు నాన్నగారో, దగ్గరి బంధువొకరో అతని దగ్గర కూర్చోవాలి, మందుల వేళలు మీ ఒక్కరికే తెలిసి ఉండటం ఏ ఇంటికీ మంచిది కాదు. వదినకు కూడా వారంలో ఒక పూట పూర్తిగా తనదై ఉండాలి.

చివరికి మిగిలింది అమ్మ మొక్కు. దాన్ని కొట్టిపారేయవద్దు, ఆ నెలల్లో ఆమెను నిలబెట్టింది అదే. కానీ అమావాస్య రాత్రి చెర్వుగట్టు మీద జనం, మైకులు, సరిగా నిద్ర లేకపోవడం అతనికి పడవు, నిద్ర చాలకపోవడం వల్ల ఫిట్స్ రావచ్చు. మొక్కుకున్నది అమ్మ కాబట్టి, ఆ ఐదు అమావాస్యలు కొడుకు పేరు మీద అమ్మ నిద్ర చేయవచ్చు, తోడుగా మీరో నాన్నగారో వెళ్లవచ్చు. ఇలా మార్చుకోవడం తప్పవుతుందేమోనని ఆమె భయపడితే గుడి పూజారి గారిని అడగమనండి, కొడుకు రోగం సంగతి విని కాదనే పూజారి అరుదు. అన్నకు రావాలని ఉంటే, రద్దీ లేని రోజు చూసి పొద్దున్నే బయలుదేరి, నార్కట్‌పల్లి మీదుగా వెళ్లి దర్శనం చేయించి, ఎండ ఎక్కకముందే తిరిగి రండి, అక్కడ మూడు గుండ్లు అనే పెద్ద బండల పైకి మాత్రం ఎక్కించవద్దు. రావాలని లేదంటే బలవంతపెట్టకండి. ఉపవాసం పేరుతో పొద్దుటి మాత్ర తప్పనివ్వకండి, మధ్యాహ్నం మాత్ర వెంట తీసుకెళ్లండి.