డెక్‌1 మీద పని మొదలుపెడుతున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి, ఆశీస్సులు.

పీహెచ్‌డీకి మొక్కజొన్నలో డెక్‌1 జన్యువు తీసుకున్నావని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. చాలా సంతోషమైంది. 2002లో ఆ జన్యువు గుట్టు తేలింది. దాని ప్రోటీన్ కణత్వచాన్ని ఇరవైకి పైగా సార్లు అటూ ఇటూ దాటుతూ పాతుకుని ఉంటుంది. లోపలివైపు చివర కాల్పెయిన్, అంటే ప్రోటీన్లను కత్తిరించే ఎంజైము. ఇది చెడిపోతే గింజలో పిండి చుట్టూ పైవరసగా ఉండే అల్యూరోన్ పొర రాదు, ఆ పైవరస కణాలు కూడా పిండికణాలైపోతాయి.

సీక్వెన్సింగ్ హడావిడిలో పడకముందు కంకి చేతిలోకి తీసుకుని గింజగింజా చూడమ్మా. ఊదారంగు అల్యూరోన్ ఉన్న వంగడంలోకి ఎక్కించుకుంటే పొర లేని గింజలు పాలిపోయి ఇట్టే కనబడతాయి. అయితే రంగు లేదు కాబట్టి పొర లేదని రాసెయ్యకు. రంగు జన్యువు పనిచేయకపోయినా గింజ అలాగే ఉంటుంది. రాత్రంతా నానబెట్టి, నెత్తి దగ్గర బ్లేడుతో వీలైనంత పలచగా కోసి, అయోడిన్ చుక్క వెయ్యి. పిండి నల్లబడుతుంది. అల్యూరోన్ ఉంటే అంచున ఒక్క వరస కణాలు, ఇటుకలు పేర్చినట్టు, నల్లబడకుండా నిలబడతాయి. బార్లీకైతే మూడు వరసలు. పోల్చడానికి అదే కంకి మీది మంచి గింజను పెట్టుకో, వేరే మొక్కది వద్దు.

అల్యూరోన్ ఒకసారి ఏర్పడితే చాలదు, దాన్ని నిలబెట్టే సంకేతం చాలాకాలం అందుతూనే ఉండాలి. 2000లో బెక్రాఫ్ట్, అసున్షన్-క్రాబ్ అనే పరిశోధకులు చూపించింది ఇదే. నాకు ఈ కథలో అన్నిటికంటే ఇష్టమైన ముక్క అది. అందుకే పండిన గింజ ఒక్కటే చూస్తే సగం సంగతి తప్పిపోతుంది. పరాగసంపర్కం చేసిన తేదీ సంచి మీద పెన్సిల్‌తో రాసి (పెన్ను సిరా వానకు పోతుంది), లేతగా ఉన్నప్పటి నుంచి విడతలవారీగా గింజలు తియ్యి.

ప్రోటీన్లను సైజును బట్టి విడదీసే జెల్ మీద ఈ డెక్‌1 ప్రోటీన్ సతాయిస్తుంది. బరువు సుమారు 240 కిలోడాల్టన్లు, అంటే చాలా పెద్దది, పైగా త్వచంలోది. శాంపిల్ మరగబెడితే ముద్దకట్టి, జెల్‌లో దాన్ని పోసిన గుంటలోనే ఉండిపోవచ్చు. గోరువెచ్చగా ఉంచితే చాలు. జెల్ నుంచి ప్రోటీన్‌ను పలచటి కాగితంలాంటి దాని మీదికి దించే బ్లాట్‌కి ఎక్కువ సమయమివ్వు.

విత్తనం సంగతి మాత్రం ఎవరికీ వదలకు. పొర లేని గింజలో పిండం కూడా ఎదగదు, మొలవదు. కాబట్టి అదే కంకిలోని మంచి గింజలే నాటాలి. వాటిలో మూడింట రెండు వంతులు లోపాన్ని మోస్తుంటాయి. ప్రతి మొక్కనూ స్వపరాగసంపర్కం చేసి, నాలుగో వంతు గింజలు చెడినవి వచ్చిన కంకులే దాచు. హైదరాబాద్ చలికాలంలోనూ మొక్కజొన్న బాగా వస్తుంది, రాజేంద్రనగర్‌లో వింటర్ నర్సరీ పెట్టింది అందుకే. రబీలో ఒక తరం వేసుకుంటే ఏడాది కలిసొస్తుంది. అక్టోబరులోపే మడి అడిగిపెట్టుకో.

నీ పెదనాన్న